బొటనవేలికి కట్టు

పన్ను అంటే భయపడేవాళ్ళుంటారు, పన్ను ఎలా ఎగ్గొట్టాలా అని చూసేవాళ్ళుంటారు. పన్ను రిటర్ను దాఖలు చేయడానికి ముచ్చటపడి, ఉతికిన చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తల నున్నగా దువ్వుకుని బయలుదేరిన మనిషి మాత్రం నాకు తెలిసి మన కండక్టరుగారొక్కరే.

ఆయన ఉద్యోగం దిగి కొన్నేళ్ళయింది. చివర్లో టికెట్ల చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా కూడా చేశారు గానీ ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. కండక్టరుగా చేరారు, కండక్టరుగారుగానే మిగిలిపోయారు. భార్య ఆయనకంటే బాగా చిన్నది, నర్సు. ఆయన రిటైరైన ఏడాదే ఆమెకు ఈ పరాయి దేశంలో, ముసలివాళ్ళను చూసే ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. వెళ్ళాలా మానాలా అని ఆమె గుంజాటన పడుతుంటే, "ఇన్నాళ్ళూ నా డ్యూటీలను బట్టి నువ్వు పొయ్యి వెలిగించావు. ఇకమీదట నీ డ్యూటీలను బట్టి నేను వెలిగిస్తాను. పదవోయ్" అన్నారాయన. అన్నంత పనీ చేశారు. కూరలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలుండదు. అది వేరే సంగతి.

ఇబ్బందల్లా వంట అయిపోయాక వచ్చేది. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే సరిగ్గా కింద బస్టాపు. బస్సు వస్తుంది, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, జనం చేతిలో కార్డును ఒక డబ్బాకు ఆనించి ఎక్కుతారు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. టికెట్టు లేదు, చిల్లర గొడవ లేదు, "ముందుకు జరగండమ్మా" అనే మనిషి లేడు. కండక్టరు లేని బస్సు ఆయన కళ్ళకు పెద్దదిక్కు లేని ఇల్లులాగే కనిపించేది. అయినా చూడకుండా ఉండలేరు. బస్సు కదిలే వేళకు, చేతిలో గరిటెతో, కిటికీ ఇవతలి నుంచి మెల్లగా "రైట్, రైట్" అనేవారు.

ఒకరోజు ఆ మాట భార్య చెవిన పడింది. ఆమె ఏమీ ఎరగనట్టే అన్నం తిని, చేయి కడుక్కుంటూ అంది.

"ఏవండీ, నా కాంట్రాక్టు ఇంకా పొడిగిస్తామంటున్నారు. మీకిక్కడ పొద్దుపోకపోతే చెప్పండి. నాకొద్దని చెప్పేసి వెళ్ళిపోదాం."

"నాకేం తక్కువ? దర్జాగా ఉన్నాను" అన్నారాయన, గోడ వంక చూస్తూ.

దర్జాగా ఉన్న మనిషి గోడతో మాట్లాడడని ఆమెకు తెలుసు. అందుకే ఆ కాంట్రాక్టు మీద ఆమె సంతకం పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి ఈయనకూ తెలుసు. తనవల్ల ఆమె ఉద్యోగం పోతుందేమోనని ఆయన లోపల కుమిలిపోవడం, ఆయన కుమిలిపోతున్నారేమోనని ఆమె బెంగపడడం, ఇద్దరూ బయటికి మాత్రం నవ్వుతూ టీలు తాగడం. మొగుడూ పెళ్ళాల మధ్య ఇదొక తంతు.

అలాంటి రోజుల్లో ఆయనకు పాత బస్సు కనిపించింది.

ఆ ఊరి రవాణా సంస్థవాళ్ళు తమ తాతల కాలంనాటి బస్సునొకదాన్ని పారేయకుండా, రంగులు వేసి, ఇంజను బాగుచేసి ఒక షెడ్డులో దాచుకున్నారు. ఎండాకాలం పొడుగునా ప్రతి ఆదివారం దాన్ని గడియారం స్తంభం దగ్గర్నుంచి ఏటి ఒడ్డు దాకా నడుపుతారు. అన్నీ పాత పద్ధతిలోనే. డ్రైవరుకు వేరే గది, వెనక తలుపు లేని ఫుట్‌బోర్డు, పైన బారుగా లాగుడు తాడు, తాడు చివర గంట. అట్టకు గుచ్చిన రంగురంగుల టికెట్లు, వాటికి చిల్లు పొడిచే పంచి, భుజాన తోలు సంచీ. నడిపేవాళ్ళంతా జీతం లేని వాళ్ళే, సరదాకొద్దీ వచ్చేవాళ్ళే. కండక్టరుగా ఉన్నాయనకు ఈ ఏడాది మోకాళ్ళు మొరాయించాయట.

కూరగాయల సంచీతో అటుగా పోతూ కండక్టరుగారు షెడ్డులోకి తొంగిచూశారు. షెడ్డు చూసుకునే మేస్త్రీ, ఒంటినిండా గ్రీజు పూసుకున్న పెద్దాయన, రమ్మని చెయ్యూపాడు. బస్సును ఆవరణలో ఒక చుట్టు తిప్పి చూస్తున్నారు అప్పుడే. కండక్టరుగారు ఎక్కారు. బస్సు మలుపు తిరిగింది, మేస్త్రీ తూలి కడ్డీ పట్టుకున్నాడు. మన కండక్టరుగారు మాత్రం ఒక చేతిలో వంకాయలు, ఇంకో చెయ్యి ఖాళీగా, దేన్నీ పట్టుకోకుండా వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కి నడిచి వచ్చారు.

మేస్త్రీ ఆయన కాళ్ళవంక చూశాడు. "మీరు ఈ పని చేసినవాళ్ళే" అన్నాడు.

అంతే, మాట ఖాయమైపోయింది. ఒక్కటే అడ్డు. బస్సు ఊరుమ్మడి ఆస్తి కాబట్టి, దాని మీద పనిచేసే విదేశీయులెవరైనా పన్ను బకాయి లేదన్న కాగితం చూపించాలి. నెలాఖరు శుక్రవారం సాయంత్రానికల్లా పేర్లు రాసి పంపేస్తారు. ఆ తర్వాత మళ్ళీ వచ్చే ఎండాకాలమే. వరసలో ఇంకొకాయన కూడా ఉన్నాడు, బ్యాంకులో రిటైరైనవాడు, కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు.

పన్నాఫీసువాళ్ళు ఆ కాగితం ఇవ్వాలంటే ముందు ఈయన రిటర్ను దాఖలు చేయాలి. అంతవరకూ ఆయన ఆ ఊసే ఎత్తలేదు. పెన్షను మనవైపు వస్తుంది, దాని మీద పన్ను మనవైపే పట్టుకుంటారు, ఇక ఇక్కడేముంది అనుకున్నారు. కాదట. ఇక్కడ కాపురముంటున్నవాళ్ళు ఎక్కడి రాబడైనా ఇక్కడ చూపించాల్సిందే. అక్కడ పన్ను పట్టుకున్నారని పెన్షనాఫీసు ముద్రతో ఉన్న అసలు కాగితం జతచేస్తే మళ్ళీ కట్టక్కర్లేదు. ఆ కాగితం కోసం బావమరిది అక్కడ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ముద్ర వేయించి కొరియర్లో పంపాడు.

ఆ ఆఖరి వారం, సోమవారం పొద్దున భార్య డ్యూటీకి వెళ్ళగానే కండక్టరుగారు భోజనాల బల్ల తుడిచి, కాగితాలు పరిచారు. రిటర్ను ఫారం ముందురోజు రాత్రే ఆమె సాయంతో నింపారు. ఇక పెన్షను వివరాల కాగితం, పన్ను పట్టుకున్న కాగితం, ఇంటి అద్దె ఒప్పందం, ఆయన నివాస కార్డు నకలు. ఒక్కొక్కటే తీసుకుని, పైనుంచి కిందిదాకా చదివి, ఊఁ అని తల పంకించి, చూసినవి చూసినట్టు పక్కన పెట్టారు. ఎంత శ్రద్ధగా చేశారో చెప్పలేను. శ్రద్ధే కొంప ముంచింది.

ఎందుకంటే, ఉద్యోగం మనిషిని వదిలినా అలవాటు వదలదు. చెకింగ్‌లో ఉన్నవాళ్ళు చూసిన టికెట్టును ఊరికే తిరిగివ్వరు. కుడి అంచున, సగానికి కాస్త కిందుగా, బొటనవేలి గోరుతో చిన్న చింపు చింపి ఇస్తారు. చూశాం, సరిగ్గానే ఉంది, ఇక దీన్ని ఇంకొకడు వాడుకోవడానికి లేదు అని. చేతికొచ్చిన ఏ కాగితాన్నైనా చదివి, సరిగ్గా ఉందనుకోగానే ఆయన బొటనవేలు దాని పని అది చేసుకుపోయేది. కరెంటు బిల్లుకు చిరుగు, మందుల చీటీకి చిరుగు, పెళ్ళి శుభలేఖకు చిరుగు. బావమరిది పరీక్షకు వెళ్ళే రోజు, "అన్నీ సరిగ్గా ఉన్నాయా చూడు బావా" అని హాల్ టికెట్టు చేతికిస్తే, చూసి, సరిగ్గా ఉందని చింపి ఇచ్చిన ఘనుడు.

కాబట్టి సోమవారం మధ్యాహ్నానికి అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నాయి. అన్నిటికీ కుడి అంచున చిరుగుంది. ఆయనకు ఆ సంగతి తెలియనే తెలియదు.

మంగళవారం ఇందాక చెప్పిన ఇస్త్రీ చొక్కాతో పన్నాఫీసుకు వెళ్ళారు. పొడుగాటి హాలు, వరసలుగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారన కుండీలో ఆకులు తుడిచే దిక్కులేని మొక్క, గొలుసుతో కట్టేసిన పెన్ను. టోకెన్ తీసుకుని కూర్చున్నారు. నంబరు పిలిచారు. కౌంటరులో కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి నవ్వుతూ కాగితాలందుకుంది. మొదటిది చూసింది, రెండోది చూసింది. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇవి తిరగ్గొట్టిన కాగితాలు కదండీ. ఏ కౌంటరులో తిరగ్గొట్టారు?"

ఆ ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, పనికిరాదని పక్కన పెట్టిన కాగితానికి అంచు చింపి మరీ వెనక్కిస్తారు. ఒక కౌంటరులో కుదరని కాగితాన్ని జనం ఇంకో కౌంటరుకు పట్టుకుపోకుండా. అంటే మనవాడు సరిగ్గా ఉందని వేసుకున్న గుర్తు, అక్కడ చెల్లదని వేసే గుర్తు.

"ఎవరూ తిరగ్గొట్టలేదమ్మా. నేనే చింపాను" అన్నారు కండక్టరుగారు.

"మీ కాగితాలు మీరే ఎందుకు చింపుకుంటారు?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది, భాషే లేదు. ఆయనకు ఆ దేశపు భాష వచ్చింది బస్సుల్లో తిరిగి. "ముందుకు జరగండి," "చిల్లర ఉందా," "ఇది ఆఖరి స్టాపు" లాంటివి ధారాళంగా వచ్చు. వాటితో ఈ బోనులోంచి బయటపడే దారి కనిపించలేదు. చేతులతో టికెట్టు చూపించి, చింపి చూపించబోయారు. ఆ అమ్మాయి కంగారుపడి కాగితాలు దగ్గరికి లాక్కుంది. "అసలు ముద్ర ఉన్న కాగితం కొత్తది తెచ్చుకోండి" అంటూ వెనక్కిచ్చేసింది, కటువుగా కాదు, కానీ ఖరాకండిగా.

ఇంటికి రాగానే బావమరిదికి ఫోను.

"బావా, మళ్ళీ చింపావా?" అన్నాడు అవతలి నుంచి, ఇంకా విషయం చెప్పకముందే.

"ఆ మాటకేం గానీ, ఇంకో కాగితం తీసి పంపగలవా?"

"ముద్ర వేసేవాడు కూతురి పురుడికని ఊరెళ్ళాడు. నెల దాకా రాడు. పోనీ మిగతావాళ్ళను అడుగుదామంటే, ముద్ర బీరువాలో పెట్టి తాళంచెవి పట్టుకుపోయాడట." ఆ వెంటనే దెప్పాడు. "నా హాల్ టికెట్టు చింపిన రోజే అనుకున్నా, ఈ వేలు ఎప్పటికైనా నీ కొంపే ముంచుతుందని."

సాయంత్రం భార్య వచ్చింది. విషయమంతా విన్నది. వింటూ వింటూ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడి, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. "రెండు దేశాల ప్రభుత్వాలూ కలిసి రాసుకున్న ఒప్పందాన్ని ఒక్క గోరుతో చింపేశారా" అని మళ్ళీ నవ్వింది. నవ్వు ఆపుకుని తలెత్తేసరికి ఆయన నవ్వడం లేదు. కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నారు. కింద బస్సు కదిలిపోయింది. ఆయన నోట ఈసారి రైట్ రైట్ రాలేదు.

"ఏమోయ్" అన్నారు, వెనక్కి తిరక్కుండానే. "నాకా బస్సు కావాలోయ్."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తనకోసమని ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం ఆమె ఎరగదు. లేచి చెప్పులు విప్పింది. "గురువారం నాకు సెలవుంది. నేనొస్తాను" అంది.

గురువారం పొద్దున ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, ఇంట్లో ఉన్న కాగితాలన్నీ, బిల్లులు, చీటీలు, రసీదులు, ఆఖరికి బియ్యం సంచీకి అంటించిన చీటీతో సహా, ఒక సంచీలో కుక్కింది. రెండు, మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచేతి బొటనవేలికి దూదిపెట్టి, గుడ్డ చుట్టి, టేపు వేసి, బుడగలాగా ఉబ్బేలా కట్టు కట్టింది.

"దెబ్బ ఏమీ తగల్లేదు కదోయ్."

"తగలకుండానే కడుతున్నాను. మీకు కాదు, కాగితాలకి."

ఆ కట్టుతోనే ఇద్దరూ పన్నాఫీసు మెట్లెక్కారు. కళ్ళజోడమ్మాయి వాళ్ళను చూసి, వేలికేసి చూసి, పాపమనుకుందేమో, నేరుగా లోపలి గదిలో ఉన్న పెద్దాఫీసరు దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దాఫీసరు పేరుకు తగ్గట్టు పెద్ద మనిషి, తన పొట్టకూ బల్లకూ మధ్య గాలి కూడా చొరనివ్వకుండా కూర్చున్నాడు. ఎదురుగా పేర్చిన ఫైళ్ళు ఒక్క అంగుళం కూడా అటూ ఇటూ లేవు.

భార్యకు ఆ భాష బాగా వచ్చు. ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సులు, టికెట్లు, చెకింగు, గోరు, శుభలేఖ, హాల్ టికెట్టు. చెబుతూ సంచీ విప్పి బల్ల మీద గుమ్మరించింది. అన్నిటికీ కుడి అంచున, సగానికి కాస్త కిందుగా, అదే చిరుగు. కళ్ళజోడమ్మాయి బియ్యం చీటీని వెలుగులో పెట్టి చూసి పెదవి కొరుక్కుంది.

పెద్దాఫీసరు అన్నీ చూశాడు. "అమ్మా, మిమ్మల్ని నమ్మకూడదని కాదు. ఇవన్నీ రాత్రి కూర్చుని చింపుకుని రావచ్చు కదా. రేపు ఇంకొకరొస్తారు, నాదీ ఇదే అలవాటంటారు. నేనెలా నమ్మేది?"

"అయితే మీ కళ్ళెదుటే చూడండి" అని ఆమె మొగుడి వేలి కట్టు విప్పింది.

ఒక తెల్లకాగితం ఇచ్చారు. కండక్టరుగారు గొంతు సవరించుకుని, కాగితం పట్టుకుని, చింపారు. సగానికి చిరిగింది. ఇంకొకటి ఇచ్చారు. ఈసారి వంకరగా చిరిగి, మూల ఊడి చేతిలోకొచ్చింది. మూడోది అసలు చిరగలేదు, నలిగింది. చుట్టాలు రాగానే పాట పాడరా అంటే బిగుసుకుపోయే పిల్లాడికి మల్లే ఆ బొటనవేలు బిగుసుకుపోయింది. పొద్దస్తమానం వద్దంటే చింపే వేలు, చింపమంటే చింపదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. భార్య "మెల్లగా, కంగారు లేదు" అంటోంది గానీ, ఆమె గొంతులోనే కంగారుంది.

పెద్దాఫీసరు నిట్టూర్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, రూలు పట్టుకుని వేలాడేవాడు, అంతే. ఒక చిన్న ఫారం తీసి, ఫలానా వారి రిటర్ను, జతచేసిన కాగితాలు చెల్లనందున స్వీకరించడం లేదు అని రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది, "క్షమించండి" అంటూ కండక్టరుగారి చేతిలో పెట్టాడు.

కండక్టరుగారికి అర్థమైపోయింది. బస్సు పోయింది. తాడు పోయింది, గంట పోయింది, తోలు సంచీ బ్యాంకాయన భుజానికెళ్ళింది. అయినా చేతికొచ్చిన కాగితం చదవకుండా జేబులో పెట్టుకునే మనిషి కాదు. పైనుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివారు. తన పేరు సరిగ్గా ఉంది. తేదీ సరిగ్గా ఉంది. కారణం, ఏం చేస్తాం, అదీ సరిగ్గానే ఉంది. కింద సంతకం, దాని మీద ముద్ర. ఊఁ అని తల పంకించారు.

చర్రుమంది.

కండక్టరుగారు తన చేతిలో ఉన్న కాగితాన్ని ఎవరో చింపినట్టు చూశారు. పెద్దాఫీసరు చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుని, పన్ను కాగితం పక్కన పెట్టాడు. కుడి అంచున, సగానికి కాస్త కిందుగా, ఒకే పొడుగు, ఒకే వంపు. బియ్యం చీటీ కూడా పక్కన పెట్టాడు. అదీ అంతే.

అప్పుడు భార్య మెల్లగా అంది. "అయ్యా, నాకు తెలియక అడుగుతున్నాను. మీ ఆఫీసులో అంచు చిరిగిన కాగితం చెల్లదని కదా మీ పద్ధతి?"

"అవును."

"మరి మీరు ఇప్పుడిచ్చిన ఈ తిరస్కారం కాగితం?"

పెద్దాఫీసరు తన సంతకం వంక చూసుకున్నాడు. తన ముద్ర వంక చూసుకున్నాడు. చిరుగు వంక చూశాడు. ముందు ఆయన పొట్ట కదిలింది, దాంతో బల్ల కదిలింది, ఆ తర్వాత వచ్చింది నవ్వు. పేర్చిన ఫైళ్ళు ఒరిగాయి, ఆయన సర్దుకోలేదు. బయట కుర్చీల్లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. పన్నాఫీసు లోపలి గదిలోంచి నవ్వు వినిపించడం వాళ్ళకు అదే మొదలు అయ్యుంటుంది.

"చెల్లదు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చెల్లని కాగితం మీద నేను ఎవరినీ వెనక్కి పంపలేను."

ఈ చిరుగులు నావే, చూసి సరిచూసుకున్న గుర్తుగా నేనే చింపాను అని కండక్టరుగారి చేత ఒక కాగితం రాయించుకుని, కింద సంతకం పెట్టించుకుని, పెద్దాఫీసరు రిటర్ను తీసుకున్నాడు. అందినట్టు రసీదు ఇవ్వబోయి, ఆగి, ఆయన చేతికి కాకుండా భార్య చేతికిచ్చాడు.

"బకాయి లేదన్న కాగితం రేపు సిద్ధమవుతుంది. మీరే రండమ్మా."

"రేపు నాకు డ్యూటీ ఉంది."

పెద్దాఫీసరు కళ్ళజోడమ్మాయి వంక చూశాడు. ఆ అమ్మాయి "నేను చూసుకుంటాను" అంది.

నిజంగానే చూసుకుంది. శుక్రవారం కండక్టరుగారు వెళ్ళేసరికి ఆ కాగితం రెండు గట్టి ప్లాస్టిక్ అట్టల మధ్య ఉంది, నాలుగు వైపులా టేపు వేసి ఉంది. దాన్ని ఆయన బస్సులో ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని షెడ్డుదాకా వెళ్ళారు. మేస్త్రీ దాన్ని విప్పడానికి రంపపు బ్లేడు తేవలసి వచ్చింది. బ్యాంకాయన కబురు తెలిసి ముఖం కాస్త ముడుచుకున్నాడు గానీ, ఫుట్‌బోర్డు మీద ముసలివాళ్ళకు చెయ్యందించే పని ఇస్తామనగానే ముడత విప్పాడు.

ఆదివారం ఎండ బాగా కాసింది. గడియారం స్తంభం దగ్గర పాత బస్సు ఒళ్ళంతా మెరుస్తూ నిలబడింది. కండక్టరుగారి భుజాన తోలు సంచీ, చేతిలో టికెట్ల అట్ట, వేళ్ళ సందున పంచి. అవన్నీ తగిలించుకోగానే ఆయన వయసు కాస్త దిగిపోయింది. కిటికీ దగ్గర గరిటె పట్టుకుని నిలబడే మనిషి ఈయనేనా అనిపించింది. జనం ఎక్కుతున్నారు. పిల్లలకు టికెట్ల రంగులు నచ్చాయి, ఒక్కొక్కళ్ళు రెండేసి కొనిపించుకుంటున్నారు. "ముందుకు జరగండి, ముందు చాలా చోటుంది" అని ఆయన ఆ దేశపు భాషలో అంటుంటే ఎక్కడా తడుముకోవడం లేదు. పన్నాఫీసులో పనికిరాని మాటలన్నీ ఇక్కడ అక్కరకొచ్చాయి.

పెద్దాఫీసరు భార్యను వెంటపెట్టుకుని వచ్చాడు, ఇద్దరు కూర్చునే సీటు ఆయన ఒక్కడికే సరిపోయింది. కళ్ళజోడమ్మాయి వాళ్ళ అమ్మను తీసుకొచ్చింది. టికెట్టు ఇస్తుంటే, "నాది చెక్ చేసి ఇవ్వండి" అంది తమాషాగా. ఆయన చదివి, తల పంకించి, చర్రుమనిపించి ఇచ్చారు. ఆ అమ్మాయి ఆ చిరుగును వాళ్ళమ్మకు చూపించి కథంతా మొదటినుంచీ చెప్పసాగింది.

అన్నిటికన్నా ముందు సీటులో, కిటికీ పక్కన, ఆయన భార్య కూర్చునుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, కళ్ళ కింద నిద్రలేమి, ముఖంలో మాత్రం అలసట లేదు. కండక్టరుగారు ఆమె దాకా వచ్చి, ఎవరో తెలియనట్టు ముఖం పెట్టి, "టికెట్" అన్నారు.

"స్టాఫు పెళ్ళానికి పాసుండదా?"

"ఈ బస్సులో లేదమ్మా. చిల్లర ఉందా?"

ఆమె లెక్కగా చిల్లర తీసిచ్చింది. ఆయన ఒక పసుపు టికెట్టు లాగి, పంచి నొక్కి ఇచ్చారు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసుకుని, దాన్ని మళ్ళీ ఆయనకే చాపింది. ఆయన చదివారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బొటనవేలు తన పని తాను చేసింది. ఆమె ఆ చిరిగిన టికెట్టును పర్సులో, లోపలి అరలో, మడత పడకుండా పెట్టుకుంది. జిప్పు వేస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ, మామూలు మాటలాగే అంది.

"రేపు ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేస్తున్నానండీ. మళ్ళీ మనసు మార్చుకోవడాలేం లేవు."

ఆయన ఏదో అనబోయారు. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, తోలు సంచీలో పట్టేది కాదు. ముందు గదిలోంచి డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు, బండి తియ్యమంటారా అన్నట్టు. కండక్టరుగారు చెయ్యెత్తి తాడు రెండుసార్లు లాగారు. గంట రెండుసార్లు మోగింది. అక్కడికి పని అయిపోయింది, ఆ దేశంలో అంతే చాలు. కానీ ఇన్నాళ్ళూ కిటికీ ఇవతల నిలబడి ఎవరికీ వినపడకుండా అనుకున్న మాట ఇక లోపల నిలవలేదు.

"రైట్... రైట్" అన్నారు, బస్సంతా తలలు తిప్పి చూసేలా.

డ్రైవరుకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. బస్సు కదిలింది.